హైదరాబాదులో ఆది హిందూ పాఠశాలలు



నేను ముప్పది నాలుగు సంవత్సరములు తెలుగు బోధించి విశ్రాంతి పొందిన ఉపాధ్యాయుడను. హైదరాబాదు పాతనగరమున శాలిబండలో నివసించుచున్నాను. మా వీధినుండి బయలుదేరి, చార్మినారు దాటి, పత్తర్‌గట్టి అంగళ్ల నడుమగా పోయి, మూసీనది మీది వంతెన దాటి కుడిచేతి వైపు తిరిగినచో కొంతదూరములో ఇసామియా బజారు అను పేట వచ్చును. నా నడకకు గంటసేపు పట్టును. మోకాళ్లు సహకరించినంత కాలము నేను ఈ దారిని అనేక పర్యాయములు నడచితిని. ఆ పేటలో చూచి ఆశ్చర్యపడదగిన కోటలు లేవు, గోపురములు లేవు. అయినను చదువుకొన్న ప్రతి తెలుగువాడును ఒక్కసారియైనను ఆ నేల మీద నిలువవలెనని నా యభిప్రాయము. ఏలననగా 1910వ సంవత్సరమున అక్కడ ఒక చిన్న బడి పుట్టినది. ఊరి బడులలోనికి రానీయని బిడ్డల కొరకు, వారి కులమువాడే యగు ఒక యువకుడు స్థాపించిన బడి యది. దాని కథయే నేడు నేను మీతో ముచ్చటింపదలచినది.

ఆ బడి యెందుకు పుట్టవలసి వచ్చెనో తెలియవలెనన్న, అంతకు ముందు మన బడులెట్లుండెడివో జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. మీలో వృద్ధులైనవారు తమ తాతల నోట వీధిబడుల మాట వినియుందురు. ఆ బడులకు వేరుగా భవనము లేదు. మోతుబరి ఇంటి అరుగో, దేవాలయ మండపమో, పంతులుగారి వసారాయో బడి యయ్యెడిది. పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దెడివారు. ఎక్కములు వల్లించెడివారు. పెద్దబాలశిక్ష ముగించినవాడు ఊరిలో చదువరి యనిపించుకొనెడివాడు. పంతులుగారికి పిల్లల తండ్రులు పంటకాలమున గింజలు కొలిచెడివారు.

ఇట్టి బడిలోనికి మాలమాదిగల బిడ్డలు రాగూడదని ఎవ్వరును కాగితము మీద వ్రాసిపెట్టలేదు. వ్రాయవలసిన పనియు లేకపోయెను. అరుగు ఎక్కరానివానికి అరుగు మీది బడి యెట్లు దక్కును? గుడి గడప త్రొక్కరానివానికి గుడి మండపములోని చదువు ఎట్లు దొరకును? ఒకవేళ పంతులు దయగలవాడై ఒక బాలుని దూరముగా నేలమీద కూర్చుండ బెట్టుకొన్నను, మరునాటికి తక్కిన పిల్లలు బడికి రారు. ఆ యేటికి గింజలును రావు. కావున చెడ్డవాడు కాని పంతులు సైతము ఆ బాలుని పొమ్మనెడివాడు. అన్యాయము ఒక్కని చేతిలో నుండిన, ఆ యొక్కని మార్చిన చాలును. అది ఊరి కట్టుబాటులో నిమిడియుండుటచేత, ఎవనికి వాడు తాను నిర్దోషినని తలంచుచుండగనే తరములు గడచిపోయినవి.

సర్కారు బడులు వచ్చిన పిమ్మటనైనను ఇది మారెనా? దీనికి ఒక దృష్టాంతము చెప్పెదను. 1856వ సంవత్సరము జూను మాసమున, నేటి కర్ణాటకములోని ధార్వాడ పట్టణమున ఒక మహారు కులపు బాలుడు సర్కారు బడిలో తన్ను చేర్చుకొనుమని బొంబాయి ప్రభుత్వమునకు అర్జీ పెట్టుకొనెను. ధర్మము బాలుని పక్షముననే యున్నదని ప్రభుత్వమువా రొప్పుకొనిరి. కాని ఒక్కని చేర్చుకొన్నచో తక్కినవారందరు మానుకొందురు గనుక చేర్చుకొనజాలమని ప్రత్యుత్తర మిచ్చిరి. మన వీధిబడి పంతులు గింజల కొరకు చెప్పిన మాటనే దొరలు దస్తావేజు భాషలో చెప్పిరి. ఈ వివాదము సీమ దాక పోయెను. ప్రభుత్వ ధనముతో నడచు బడులు కులభేదము లేక అందరికిని తెరచియుండవలెనని 1858లో కంపెనీవారు నిర్ణయించిరి. 1882లో హంటరుగారి సంఘము ఆ సూత్రమునే మరల చెప్పెను. అయితే పట్టుబట్టి అమలు జరిపిన కలహములు పుట్టునని భయపడి, అట్టి బిడ్డలకు ప్రత్యేకముగా బడులు పెట్టుట మేలని కూడ ఆ సంఘమే సలహా చెప్పెను. తలుపు తెరచితిమని ఒక చేతితో వ్రాసి, రెండవ చేతితో వేరొక గుడిసెకు దారి చూపిన ట్లయ్యెను.

ఇక నిజాము రాజ్యము మాట. మొదటి సాలారుజంగు దివానుగా నున్న కాలమున మా పాతనగరమున దారుల్‌ ఉలూం అను విద్యాలయము వెలసెను. తరువాత ప్రభువుల బిడ్డలకు మదర్సా-ఎ-ఆలియా మొదలగు విద్యాలయములు ఏర్పడెను. గమనింపుడు, గొప్పవారి బిడ్డలకు కూడ వేరు బడులే. కాని ఆ వేరు గౌరవముతో గూడినది. లోపల నున్నవారు తామై కోరుకొన్నది. మూసీకి ఆవల తోళ్లు పదును పెట్టువారి పేటలలో, కూలినాలి చేయువారి గుడిసెలలో, ఏ బడియు లేకుండుట కూడ ఒక విధమైన వేరుచేతయే. అది ఎవరును కోరుకొన్నది కాదు.

ఆ గుడిసెల వారిలోనే 1888వ సంవత్సరము మే 22వ తేదీన ఒక మగబిడ్డ జన్మించెను. తల్లి రంగమాంబ, తండ్రి మాదరి వెంకయ్య. బిడ్డకు భాగయ్య అని పేరు. వారి కులగురువు ఆ పేరును భాగ్యరెడ్డి అని మార్చెనట. ఈ దేశమునకు మొదటి యేలికలు మీ పూర్వులే గనుక, ‘రేడు’ అను మాటనుండి వచ్చిన రెడ్డి శబ్దము మీకును చెల్లునని ఆయన చెప్పెనందురు. వర్మ యను బిరుదము పిమ్మట ఆర్యసమాజమువా రిచ్చినది. నేను బాలవ్యాకరణము కంఠస్థము చేసినవాడను. శబ్దవ్యుత్పత్తి గురించి పండితులతో వాదింపవచ్చును. కాని ఒక మనుష్యుని తలయెత్తి నిలువజేసిన వ్యుత్పత్తి నాకు తెలిసినంతలో ఇది యొక్కటియే.

భాగ్యరెడ్డివర్మ 1906లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, జగన్మిత్రమండలి యను సంఘమును స్థాపించెను. హరికథలు చెప్పించియు, ఉపన్యాసము లిప్పించియు తన వారిని మేల్కొలుప నారంభించెను. మద్యపానము మానుడనియు, దేవతల పేర బాలికలను జోగినులుగా విడుచు దురాచారము వలదనియు బోధించెను. రెండేండ్లకు, 1908 సెప్టెంబరు 28న, మూసీ పొంగి నగరము మీద పడెను. వేలకొలది జనులు కొట్టుకొని పోయిరి. ఆ వరదకు మేడ యని గాని గుడిసె యని గాని భేదము లేకపోయెను. నీరు తీసిన పిమ్మట మాత్రము మనుష్యులు ఎవరి గీతల వెనుకకు వారు పోయిరి.

అట్టి సమయమున, 1910లో, ఆయన ఇసామియా బజారులోను, లింగంపల్లిలోను మొదటి బడులను తెరచెను. అందలి బోధ తెలుగు భాషలో జరిగెను. ఈ మాట చిన్నదిగా తోచవచ్చును. ఆ కాలమున రాజభాష ఉర్దూ. కచేరీలో, న్యాయస్థానములో, పెద్ద పాఠశాలలో అంతటను ఉర్దూయే. తెలుగు కుటుంబములలోని కలవారు సైతము తమ బిడ్డలకు ఇంటిలోనే తెలుగు నేర్పించుకొనవలసి వచ్చెడిది. అట్టి నగరమున అక్షరమునకే నోచుకొనని బిడ్డలకు తల్లిభాషలో చదువు చెప్పిన బడు లివి. తెలుగు భాషను సేవించితిమని చెప్పుకొను మా పండితవర్గమువారము ఈ బడుల పేరు ఎంత అరుదుగా తలచితిమో యని యోచించినచో నాకు సిగ్గు కలుగును.

1911లో జగన్మిత్రమండలియే మాన్యసంఘముగా మారెను. వామననాయకు, కేశవరావు కోరట్కరు, రాయ్ బాలముకుందు మొదలగు అన్యకులముల పెద్దలు కొందరు ఈ కృషికి సానుభూతి చూపిరి. క్రమముగా జంటనగరములలో ఈ బడుల సంఖ్య 20కి మించెను. విద్యార్థులు 2000కు మించిరి. ఆపైని ప్రభుత్వము ఈ పాఠశాలల భారమును తాను వహించెను. చందాలతోను, కూలివాండ్ర కానులతోను మొదలైన పని ప్రభుత్వము తన పని యని అంగీకరింపవలసిన స్థితికి వచ్చుటకు సుమారు పాతికేండ్లు పట్టినది.

ఈ మధ్యలో మరియొక సంఘటన జరిగెను. 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాసభ కూడెను. దానికి భాగ్యరెడ్డివర్మ అధ్యక్షుడు. నాలుగు వర్ణములకు వెలుపలి అయిదవవారమని చెప్పు ‘పంచమ’ శబ్దము తమకు తగదని, తాము ఈ నేల కాదివాసులమని ఆయన వాదించెను. సభ పేరు ఆది ఆంధ్ర మహాసభ యని మారెను. నిజాము రాజ్యమున ఆయన ఆది హిందువులను పేరును ప్రచారము చేసెను. 1931 జనాభా లెక్కలలో ఆ పేరే ఎక్కినది. బడికిని పేరుకును సంబంధ మేమని మీరడుగవచ్చును. బడిలో మొదట చేయు పని హాజరు పట్టీలో పేరు వ్రాయుట. ఏ పేరు పిలిచిన బిడ్డ తల వంచునో ఆ పేరుతో చదువు సాగదు. ఈ సంగతి యెరిగిన నాయకుడు గనుకనే ఆయన బడిని, పేరును రెంటిని కలిపి పట్టుకొనెను. 1939 ఫిబ్రవరి 18న ఆయన కాలధర్మము చెందెను. అప్పటికి ఆయనకు ఏబదియొక్క యేండ్లు కూడ నిండలేదు.

ఇక్కడ ఒక సందేహము పుట్టును. వేరుగా ఉంచుట తప్పైనచో, భాగ్యరెడ్డివర్మ వేరుగా బడులు పెట్టుట ఒప్పెట్లగును? ఈ ప్రశ్నకు సమాధానము సముద్రముల కావలి దేశపు కథలో నాకు కొంత దొరికినది. దానిని సంగ్రహముగా చెప్పెదను.

అమెరికాలో కాలిఫోర్నియా యను రాష్ట్రము కలదు. అక్కడి నారింజ, నిమ్మతోటలలో మెక్సికో సంతతివారు కూలిపని చేయుచు వచ్చిరి. వారి భాష స్పానిషు. 1931 జనవరిలో లెమన్‌గ్రోవ్ అను ఊరిలో బడి ప్రధానోపాధ్యాయుడు వాకిట నిలిచి, ఆ కుటుంబముల పిల్లలు సుమారు డెబ్బది యైదుగురిని లోనికి రానీయక, వారి కొరకు కట్టిన చెక్కల కొట్టమునకు పొమ్మనెను. తల్లిదండ్రులు దానికి ‘గుర్రపుసాల’ యని పేరు పెట్టిరి. బిడ్డలను అందులోనికి పంపక ఇండ్లయందే నిలుపుకొని, న్యాయస్థానమున వ్యాజ్యము వేసి గెలిచిరి. ఆ యేడే ఇక్కడ మన జనాభా లెక్కలలో ఆది హిందువుల పేరెక్కుట చిత్రము.

మరి పదునాలుగేండ్లకు అదే రాష్ట్రమున వెస్ట్‌మినిస్టరను ఊరిలో గొంజాలో మెండెజు, ఫెలిసిటాసు అను కౌలురైతు దంపతులు పెద్ద వ్యాజ్యమునకు పూనుకొనిరి. వారి పిల్లలను, తమ పిల్లలతోపాటు బడిలో చేర్పించుటకు మేనత్త తీసికొని పోయెను. ఆమె పిల్లలది తెలుపు చాయ. ఇంటిపేరు ఫ్రెంచి పేరువలె వినబడును. కావున వారిని చేర్చుకొందుమని, నలుపు చాయగల మెండెజు పిల్లలను మాత్రము మెక్సికను బడికి పొమ్మనిరి. మేనత్త ఒక్క పిల్లనైనను చేర్పింపక అందరిని వెంటబెట్టుకొని మరలి వచ్చెను. ఈ కథలో నాకు మిక్కిలి నచ్చినవారు న్యాయవాదులును న్యాయాధిపతులును కారు, ఆ మేనత్తయే. తన బిడ్డలకు దొరికినది చాలునని ఆమె యనుకొనలేదు.

1945 మార్చిలో మెండెజుతో గూడి అయిదు కుటుంబములు, నాలుగు విద్యామండలముల మీద, అయిదువేల పిల్లల పక్షమున వ్యాజ్యము వేసిరి. పిల్లలకు ఇంగ్లీషు రాదు గనుక వేరుగా ఉంచితిమని అధికారులు చెప్పిరి. పరిశుభ్రత లేదనియు చెప్పిరి. 1946 ఫిబ్రవరిలో తీర్పు వచ్చెను. వేరుగా ఉంచుటచేతనే భాష రాకపోవునని, పుస్తకములు భవనములు సమానముగా ఇచ్చినంత మాత్రమున సమానత కలుగదని, బిడ్డలందరు కలసి కూర్చుండుటయే దానికి మూలమని న్యాయాధిపతి మెకార్మిక్కు చెప్పెను. 1947లో పై న్యాయస్థానము దానిని స్థిరపరచెను. ఆ యేడే ఆ రాష్ట్రపు గవర్నరు ఎర్ల్ వారెను వేరు బడులకు వీలిచ్చుచుండిన పాతచట్టమును కొట్టివేయు శాసనముపై సంతకము చేసెను. ఆయనయే పిమ్మట ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమునకు ప్రధాన న్యాయమూర్తియై, నీగ్రోలని యప్పుడు పిలువబడిన నల్లజాతివారి బిడ్డలను వేరు బడులలో నుంచుట రాజ్యాంగవిరుద్ధమని 1954లో తీర్పు చెప్పెను.

ఇప్పుడు సందేహమునకు వత్తము. గుర్రపుసాల ఒక విధమైన వేరు బడి. బిడ్డ తమ బిడ్డల ప్రక్కకు రాకుండ పైవారు కట్టినది. ఇసామియా బజారు బడి మరియొక విధమైనది. అన్ని తలుపులు మూసియున్న వేళ, తలుపు తెరచునంత వరకు బిడ్డ చదువు ఆగరాదని లోపలి మంట చేత కట్టుకొన్నది. మొదటిది గోడ, రెండవది నిచ్చెన. నిచ్చెన నెక్కినవారు పిమ్మట గోడ దాటిరి. ఆది హిందువుల నాయకులలో నొకడైన బి. ఎస్. వెంకటరావు 1947లో నిజాము మంత్రివర్గమున విద్యాశాఖకు మంత్రి యయ్యెను. అరుగెక్కనీయని జాతిలోని వాడు రాజ్యములోని బడులన్నిటికిని పెద్ద యయ్యెనన్న మాట.

1950 జనవరి 26న మన రాజ్యాంగము అమలులోనికి వచ్చెను. దాని 17వ అధికరణము అంటరానితనమును రద్దు చేసెను. ప్రభుత్వ ధనముతో నడచు ఏ విద్యాలయములోను కులము కారణముగా ప్రవేశము నిరాకరింపరాదని 29వ అధికరణము చెప్పుచున్నది. ఆ వాక్యములను వ్రాయించిన సంఘమునకు అధ్యక్షుడు అంబేద్కరు. ఆయన బాల్యమున తరగతిలో వేరుగా గోనెపట్టా మీద కూర్చున్నవాడు. బడి జవాను లేని దినమున నీరు పోయువారు లేక దప్పితో ఇంటికి పోయినవాడు.

నీటి మాట వచ్చినది గనుక, ఇక నాకథ చెప్పక తప్పదు. నేను ఆచారవంతుల యింట పుట్టి, ప్రాచ్యకళాశాలలో పంచకావ్యములు చదివి, 1984లో ఒక పల్లెబడిలో తెలుగు పండితుడనుగా చేరితిని. ఆ యూరి పేరును బడి పేరును చెప్పను. తప్పు వాటిది కాదు, నాది. ఉపాధ్యాయునకు దప్పి యైనప్పుడు ఒక పిల్లవానిని పిలిచి మంచినీళ్లు తెమ్మనుట అప్పటి అలవాటు. అది పిల్లలకు గొప్ప. ఎనిమిదవ తరగతిలో ఒక మాదిగ బాలుడుండెను. పద్యము చదువుటలో వానికి సాటి యెవ్వరును లేరు. నేను వానిని మెచ్చుకొంటిని, బహుమానము లిచ్చితిని, ముందువరుసలో కూర్చుండ బెట్టితిని. రెండేండ్లలో ఒక్కనాడును నీళ్లు తెమ్మని మాత్రము చెప్పలేదు. అట్లు చెప్పకుంటినని నాకే తెలియదు. పదవ తరగతిలో ఒకనాడు అందరు వెళ్లిన పిమ్మట వాడు నిలిచి, “సార్, నీళ్లకు నన్నొక్కసారన్న పంపరాదా?” అని యడిగెను.

ఆ దినమున నాకు నోట మాట రాలేదు. మరునాడు వానినే పిలిచి పంపితిని. వాడు చెంబు తోమి నిండుగా తెచ్చెను. నేను త్రాగితిని. కాని పెదవికి తాకించుటకు ముందు ఒక్క క్షణము నా చేయి ఆగినది. ఆ క్షణమును వాడు చూచెను. వాడు చూచెనని నేను చూచితిని. రాజ్యాంగము వచ్చి అప్పటికి ముప్పదియైదేండ్లు దాటినవి. హాజరు పట్టీలో వాని పేరున్నది, ముందువరుసలో వాని చోటున్నది. వేరుచేత మాత్రము నా చేతిలో మిగిలియుండెను.

పెద్దలారా! బడికి వేరు తలుపు ఇప్పుడు చట్టమున లేదు. అయినను మీ యూరి బడికి ఒక మధ్యాహ్నము పోయి చూడుడు. భోజనపు వరుసలో ఎవరి ప్రక్కన ఎవరు కూర్చున్నారో, వంట ఎవరు చేసిన కొందరు పిల్లలు పళ్లెము ముట్టకున్నారో చూడుడు. ఇంకొకటి కూడ చూడుడు. ఉదయమున పసుపుపచ్చ బస్సు వచ్చి కలిగినవారి బిడ్డలను పట్టణపు బడికి కొనిపోవును. లేనివారి బిడ్డలు ఊరి బడిలో మిగులుదురు. ఎవ్వరును ఎవ్వరిని పొమ్మనలేదు. వీధిబడి నాడును ఎవ్వరును వ్రాసిపెట్టలేదు గదా! మంచి చదువు కోరి బిడ్డను దూరము పంపు తండ్రిని నేను నిందింపను. ఊరి బడికి పంతులు రాకున్న, పైకప్పు కారుచున్న, అది తన బడి కాదని ఊరుకొన్నవానిని మాత్రము అడుగుదును.

కావున నే కోరునది స్వల్పము. నెలకొక్కసారి ఊరి బడికి పోయి, ఆ వరుసలో కూర్చుండి, ఆ పిల్లల చేతి నీరు త్రాగి రండు. చేయి ఆగకుండ త్రాగుడు. నా బోటి పంతుళ్లు ఆలస్యముగా నేర్చుకొన్న పాఠమును మీ మనుమలు నేర్చుకొనవలసిన పని లేకుండ పోవును.